మూడు రోజులు వెనకబడ్డ గుడ్లు

బూడిదరంగు పెట్ట పోయిన రోజు నుంచి నా భార్య నాతో మాట్లాడడం మానేసింది.

తప్పు నాదే. కోళ్ళ గూటి తలుపు చెక్క పుచ్చిపోయిందని ఊడదీశాను. మర్నాడు పని నుంచి వచ్చేటప్పుడు గట్టి చెక్క తెచ్చి బిగిద్దామనుకొని, అప్పటికి గోనెపట్టా అడ్డం కట్టాను. పగలల్లా కోత మిల్లులో చెక్కలు కోసే మనిషిని, సొంత గూటికి గోనెపట్టా కట్టాను. తెల్లారి చూస్తే పట్టా చిరిగి ఉంది. పెరడంతా బూడిదరంగు ఈకలు. మిగతా మూడు పెట్టలూ, పుంజూ నీళ్ళ తొట్టి చాటున ఒకదాన్నొకటి నొక్కుకొని నిలబడ్డాయి. ఏదో వీధికుక్క ఏరి కోరి మంచిదాన్నే పట్టుకుపోయింది. లేదా అదొక్కటే ఎదురు తిరిగి ఉంటుంది. మిగతావాటికి అంత ధైర్యం లేదు, పుంజుకైతే అసలే లేదు.

నా భార్య చీపురు తెచ్చి ఈకలన్నీ ఊడ్చింది. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే తల వంచుకొని వినేవాణ్ణి, సాయంత్రానికి అయిపోయేది. ఆమె తిట్టలేదు కాబట్టి అది అయిపోలేదు.

ఆ పెట్ట ఏడాది పొడుగునా గుడ్లు పెట్టేది. మూడుసార్లు పొదిగింది, ఒక్క గుడ్డు చిదపలేదు. పిల్లి గోడ దిగితే రెక్కలు విప్పి మీదికి ఉరికేది. అంతటి పెట్టకు సొంత పిల్ల ఒక్కటీ మా పెరట్లో లేదు. దాని గుడ్లు పెద్దవని మేం వండుకు తినేసేవాళ్ళం. మిగతావాటి చిన్న గుడ్లు తెచ్చి దాని కింద పెట్టేవాళ్ళం.

"ఎవరి పిల్లల్నో పెంచి పెంచి పోయిందక్కా. దాని పిల్ల ఒక్కటంటే ఒక్కటి ఉన్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు" అని నా భార్య పెరటి గోడ దగ్గర నిలబడి వాళ్ళక్కతో అంది. నేను విన్నాను. నాకు వినపడాలనే అంది.

వాళ్ళక్క, అంటే మా వదిన, గోడ అవతలే ఉంటుంది. మాటలు ఆగిపోయాక మా ఇద్దరి మధ్యా కబుర్లు ఆమే మోసేది. నేను ఇవతల రెండడుగుల దూరంలో మొహం కడుక్కుంటూ ఉంటే నా భార్య గోడ వైపు తిరిగి "ఉప్పు అయిపోయిందని చెప్పక్కా" అనేది. వదిన గోడ మీదికి తల పెట్టి "మరిదీ, ఉప్పు అయిపోయిందట" అని అరిచేది. నేను తెచ్చేవాణ్ణి. "మీ ఇద్దరి మధ్యా నాకు జీతం ఇవ్వరేం?" అని నవ్వేది. మేం నవ్వేవాళ్ళం కాదు.

ఆదివారం సాయంత్రం కొత్తగా బిగించిన తలుపు తీసి గూట్లో చెయ్యి పెడితే ఎర్ర పెట్ట ఒళ్ళంతా ఉబ్బించి గుర్రుమంది. లేపితే లేవలేదు. కడుపు కింద ఈకలు రాలి వెచ్చగా ఉంది. పొదుగుకొచ్చిందని తెలిసింది. నాకు ఒక ఆలోచన తట్టింది. వంటింట్లో వేలాడే గుడ్ల బుట్టలో బూడిదరంగు దాని చివరి గుడ్లు ఇంకా ఉండి ఉంటాయి. అవి దీని కింద పొదగేస్తే, మూడు వారాలకి పిల్లలే లేచి నా తరఫున మాట్లాడతాయి. నేను నోరు విప్పక్కర్లేదు.

బుట్టలో పెద్దవిగా కనిపించినవి ఎనిమిది ఏరాను. బొగ్గుతో ఒక్కోదాని చుట్టూ ఒక గీత గీశాను. మా ఇంట్లో పొదిగే గుడ్లకి అలాగే గుర్తు పెడతాం. వేరే పెట్ట వచ్చి అందులో గుడ్డు పెట్టిపోతే, గీత లేనిదాన్ని తీసేయవచ్చు. వసారా మూలలో వెడల్పాటి తట్టలో గడ్డి సర్ది, గుడ్లు పేర్చి, చీకటి పడుతుండగా ఎర్రదాన్ని తెచ్చి కూర్చోబెట్టాను. ముక్కుతో గుడ్లని లోపలికి లాక్కొని సర్దుకుంది. పైన గంప మూశాను. నా భార్య గడపలో నిలబడి చూసింది. ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు అది తర్వాత తెలిసింది. బూడిదరంగు దాని చివరి గుడ్లు ఆ బుట్టలో లేనే లేవు. పెట్ట పోయిన పొద్దున్నే నా భార్య వాటిని వేరు చేసి తవుడు డబ్బాలో దాచింది. నాలుగు గుడ్లు. నేను ఏరినవన్నీ వేరే పెట్టలవి. ఆదివారం నుంచి మూడు రోజులు ఆమె నా వైపు చూసింది, నేనేమైనా అడుగుతానేమోనని. అడగలేదు. బుధవారం మధ్యాహ్నం ఎర్రది మేతకి దిగినప్పుడు ఆ నాలుగింటినీ తెచ్చి, రెండేసి బొగ్గు గీతలు గీసి, నా ఎనిమిదింటి పక్కన పెట్టింది. ఎర్ర పెట్ట పెద్దది, పన్నెండు గుడ్లు దానికి ఒక బరువు కాదు. ఆయన చూస్తాడులే, రెండు గీతలు కనపడతాయి కదా అనుకుంది.

నేను చూడలేదు. పొదిగే పెట్ట రోజుకొక్కసారి, అదీ మధ్యాహ్నం నా భార్య గంప ఎత్తినప్పుడు దిగుతుంది. అప్పుడు నేను మిల్లులో రంపం దగ్గర ఉంటాను, ఆదివారమైతే తిని పడుకొని ఉంటాను. పొద్దున్నా సాయంత్రమూ గంప ఎత్తితే ఈకలు తప్ప ఏమీ కనపడవు. పొదిగేదాన్ని లేపి చూడకూడదని మా అమ్మ నేర్పింది. ఆ మాట మాత్రం శ్రద్ధగా పాటించాను.

మూడు వారాలు అలాగే గడిచాయి. ఉప్పు, కిరసనాయిలు, కుట్టు మిషను సూదులు, అన్నీ గోడ మీద నుంచే వచ్చాయి, గోడ మీద నుంచే పోయాయి.

అనుకున్న ఆదివారం పొద్దున్నే గంప కింద కిచకిచలు వినిపించాయి. నేను వెళ్ళి కూర్చున్నాను. నా భార్య వచ్చి తట్టకి అవతలి వైపు కూర్చుంది. మా మధ్య ఎర్ర పెట్ట. దాని రెక్క కింది నుంచి ఒక్కో తల బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోతోంది. పసుపుపచ్చవి, ఎర్రవి. ఒక్కటీ బూడిదరంగు లేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. నా భార్య మొహం చూశాను. ఆమెకేమీ నిరాశ లేదు. తాపీగా పెంకులు ఏరి బయట పడేసింది. దీనికి బాధ కూడా లేకుండా పోయిందా అనుకున్నాను. కోపం వచ్చింది. కోపాన్ని కూడా లోపలే పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం ఆమె గంప మీద ఒక పెద్ద రాయి పెట్టింది. కుక్క భయానికి అనుకున్నాను.

మంగళవారం పొద్దున ఆమె కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. నేను పనికి బయలుదేరుతున్నాను. గంప లోపల ఒకటే గోల. పిల్లలు బయటికి రావాలని గంప అల్లిక సందుల్లోంచి ముక్కులు బయటపెడుతున్నాయి. పెట్ట లేచి నిలబడి గంపని తలతో కుమ్ముతోంది. రెండు రోజుల పిల్లలకి మేత ఉండొద్దా? రాయి దించి గంప ఎత్తాను. ఎర్రది ఒక్క ఉదుటున తట్ట దిగి పెరట్లోకి నడిచింది. వెనకే పిల్లలు. లెక్కపెట్టాను, ఏడు.

ఎనిమిది పెట్టాను, ఏడు లేచాయి. తట్టలో ఒకటి మిగలాలి. ఐదున్నాయి.

అక్కడ ఒక్క నిమిషం ఆగాను. ఆగానని చెప్పుకోవడం తప్ప దానివల్ల ఒరిగిందేమీ లేదు. గుడ్లు మురికి పట్టి, బొగ్గు అంతా పులుముకొని, ఏది గీతో ఏది మరకో తెలియకుండా ఉన్నాయి. ఎర్రది మేతకి దిగినప్పుడు తెల్ల పెట్ట వచ్చి పెట్టిపోయి ఉంటుందనుకున్నాను. అది అలాంటిదే. సగం వేడిలో ఉడికిన గుడ్లు తినడానికీ పనికిరావు, పొదగడానికీ పనికిరావు, తట్టలో పగిలితే కంపు. నా భార్యని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆమె వచ్చేదాకా ఆగాలి, వచ్చాక నోరు విప్పాలి. మిల్లుకి వేళవుతోంది. గుడ్లు ఐదింటినీ తువ్వాల్లో వేసుకొని పెరటి చివర చెత్తగుంట దగ్గరికి పోయాను.

మొదటిది విసిరాను. రాయి మీద పడి ఠాప్‌మని పేలింది. కంపు ముక్కు అదరగొట్టింది. చూశావా, నేననుకున్నదే, మురిగిపోయాయి అనుకున్నాను. ఆ ఉత్సాహంలో రెండోది విసిరాను.

అది పేలలేదు. మెత్తగా పగిలింది. పెంకు రెండుగా విడిపోయి లోపల తడి తడిగా నల్లటి ముద్ద. ఆ ముద్ద కదిలింది. ఒక కాలు చాచింది.

తువ్వాలు అలాగే పట్టుకొని నిలబడ్డాను. మిగిలినవాటిలో ఒకదాన్ని చెవికి ఆనించాను. లోపల టిక్, టిక్. సన్నగా, గోరుతో చెక్కని గీరినట్టు. ఇంకోటి ఆనించాను. అందులోనూ.

పగిలినదాన్ని గుంటలోకి దిగి తీశాను. అరచేతిలో రెండుసార్లు నోరు తెరిచి ఆగిపోయింది. తడి ఆరిన చోట నూగు బూడిదరంగుగా ఉంది.

వెనక నా భార్య గొంతు వినిపించింది.

"అవెందుకు తీశావు?"

ఇరవై ఆరు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

నేను చెయ్యి చాపి చూపించాను. ఆమె చూసింది, గుంట వైపు చూసింది, తువ్వాలు వైపు చూసింది.

"ఎన్నున్నాయి?"

"మూడు."

"నాలుగు పెట్టాను. బుధవారం పెట్టాను. దాని గుడ్లు! రేపు లేవాలి అవి. రేపు! రాయి ఎందుకు పెట్టాననుకున్నావు?"

"కుక్కకని."

"కుక్కకా! దాన్ని రేపటిదాకా దిగనివ్వకూడదని పెట్టాను. నువ్వు ఎత్తేశావా?"

"నాకు చెప్పలేదు కదా."

"నువ్వు అడిగావా? గుడ్ల బుట్ట దించి ఏరుతున్నప్పుడు, ఏమే, దాని గుడ్లు ఏవి అని అడిగావా? నోట్లో ముత్యాలేమైనా రాలిపోతాయా?"

"నువ్వే కదా మాట మానేసింది."

"నేను మానేశాను. నువ్వెప్పుడు మొదలెట్టావు, మానడానికి?"

గోడ మీదికి వదిన తల వచ్చింది. "అరవండి, అరవండి. నా పీడ విరగడైంది" అంది. తర్వాత నా చేతిలో ఉన్నది చూసి నవ్వు ఆపేసింది. "ముందు ఆ మూడింటినీ వెచ్చగా పెట్టండర్రా. తిట్టుకోవడానికి జీవితం ఉంది."

ఎర్రదాన్ని పట్టుకొచ్చి మళ్ళీ తట్టలో కూర్చోబెట్టాం. కూర్చుంటేనా! పిల్లలతో పెరడు చూసిన పెట్టకి ఇక గుడ్లు కనపడవు. గంప మూస్తే లోపల గిర్రున తిరిగింది, గుడ్ల మీద కాళ్ళు వేసింది. అవి చితికేలోగా బయటికి తీశాం. ఆరోజు నేను మిల్లుకి పోలేదు. ఒక అట్టపెట్టెలో రంపపు పొట్టు నింపి, మీద పాత ఉన్నిగుడ్డ పరిచి, గుడ్లు పెట్టి, పైన బల్బు వేలాడదీశాను. గంటకి కరెంటు పోయింది. నా భార్య సీసాల్లో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టి చుట్టూ పెట్టింది. నీళ్ళు చల్లారితే మార్చడం, ఎక్కువ వేడైతే తీయడం, కరెంటు వస్తే బల్బు, పోతే సీసాలు. చెంపకి ఆనించి గుడ్డు వేడి చూడడం ఆమె పని. నీళ్ళు కాచడం నాది.

"మరిదీ, నువ్వే మీద కూర్చోరాదూ? ఎలాగూ మాట్లాడకుండా కూర్చోవడం నీకు అలవాటే" అంది వదిన.

బుధవారం రెండు గుడ్లకి బీటలు కనిపించాయి. ఒకదాని బీట దగ్గర చిన్న రంధ్రం, అందులోంచి ముక్కు. సాయంత్రం దాకా ముక్కు అక్కడే ఉంది. పిల్ల అరవడం, ఆగడం, అరవడం. నా భార్య పక్కనే కూర్చొని చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"పొర ఎండి అతుక్కుపోయింది. కాస్త పెంకు తీస్తాను."

"తీయకు" అన్నాను.

"ఊపిరాడక చచ్చిపోతుంది."

"తీయొద్దే" అని వదిన కూడా అంది. "అది లోపల రక్తం లాగేసుకొని గానీ రాదు. మధ్యలో తీస్తే అంతే."

"ముందు ఒకదాన్ని గుంటలో పారేసింది ఎవరో, వాళ్ళు నాకు చెప్పక్కర్లేదు."

నేను నీళ్ళ గిన్నె దించడానికి లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆమె గోటితో నాలుగు పెంకు ముక్కలు ఒలిచింది. ఐదోదానికి ఎర్రటి చుక్క వచ్చింది. చుక్క గీతయింది. దూది అద్దింది, ఊదింది, పెంకు ముక్క మళ్ళీ పైన పెట్టింది. కాసేపటికి అరుపు ఆగింది. ఆమె దాన్ని పెట్టెలోంచి తీయలేదు. తెల్లారి నేనే తీశాను. నువ్వెందుకు ఒలిచావు అని నేనడగలేదు. ఈసారి అడగకపోవడమే నయమని ఇద్దరికీ తెలుసు.

టిక్కుటిక్కులాడని మూడోది చివరిదాకా కదలనే లేదు. ఎదురుగా పట్టుకొని టార్చి వేసి చూస్తే అంతా నలుపే.

గురువారం మధ్యాహ్నం మిగిలిన ఒక్కటి పెంకుని చుట్టూ కోసుకుంటూ వచ్చి, డబ్బా మూత తీసినట్టు తోసి, బయటికి దొర్లింది. ఆరాక చూశాం. బూడిదరంగు. వీపు మీద నల్ల చార కూడా తల్లిదే. నా భార్య దాన్ని చూసి ఏడ్చింది, తర్వాత నా వైపు చూసి "ఏం చూస్తున్నావు, నూకలు తేపో" అంది.

కష్టం అయిపోయిందనుకున్నాం. చీకటి పడే వేళ ఎర్రది గూట్లో సర్దుకున్నాక, దీన్ని మెల్లగా దాని రెక్క కిందికి తోశాను. చీకట్లో పెట్టలకి లెక్క తెలియదు. పొద్దున తెలిసింది. ఏడూ నాలుగు రోజులు పెరిగిన పిల్లలు, తల్లి వెనక పరుగెడుతున్నాయి. ఇది కాళ్ళు నిలవక దొర్లుతోంది. ఎర్రది దగ్గరికొచ్చి, తల వంచి చూసి, నెత్తి మీద ఠక్కున పొడిచింది. మళ్ళీ తెచ్చాం. మళ్ళీ పొడిచింది. వదిన "కొత్త కోడల్ని చూసినట్టు చూస్తోంది" అంది. మూడోసారి నెత్తి మీద రక్తం వచ్చింది. ఇక లాభం లేదని పెట్టెలోనే పెట్టుకున్నాం.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే కీచుకీచు. పెట్టెలో పెడితే అరుస్తుంది. మేత పెడితే తిని అరుస్తుంది. బల్బు వేస్తే, తీస్తే, గుడ్డ కప్పితే, విప్పితే అరుస్తుంది. మనిషి పక్కన ఉండి మాట్లాడుతుంటే మాత్రం కళ్ళు మూసుకొని కునుకు తీస్తుంది. మాట ఆగిందా, కళ్ళు తెరిచి మొదలు. రెండు రోజులు నా భార్య కుట్టు పని పక్కన పెట్టి దానితో కబుర్లు చెప్పింది. బాకీ పడ్డ బట్టలు కుప్ప పడ్డాయి. ఆదివారం నేను వసారాలో రంపం పళ్ళు ఆకురాయితో సానపడుతుంటే వచ్చి, పిల్లని నా దోసిట్లో పెట్టేసింది.

"పట్టుకో. నేను జాకెట్లు కుట్టాలి. మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. ఇరవై ఏళ్ళుగా నాకు చెప్పనివి కొండంత ఉన్నాయిగా. అవి చెప్పు."

లోపలికి వెళ్ళి మిషను తొక్కడం మొదలెట్టింది. పిల్ల నా బొటనవేలు పొడిచి గొంతు చించుకుంది. గోడ అవతల వదిన ఉందేమోనని చూశాను. ఉంది. గిన్నెలు తోముతున్నట్టు నటిస్తోంది.

"ఊ" అన్నాను. పిల్లకి సరిపోలేదు.

"ఈరోజు ఎండగా ఉంది" అన్నాను. ఒక్క క్షణం ఆగి మళ్ళీ అరిచింది. ఎండ సంగతి దానికి తెలిసినట్టుంది.

ఒళ్ళు మండింది. నా జన్మలో ఎవరూ నన్ను ఇలా వేధించలేదు. దించేద్దామనుకున్నాను. దించితే అక్కడే దొర్లి ఎర్రదాని కాళ్ళ కిందికి పోతుంది. గుంట దగ్గర నా అరచేతిలో నోరు తెరిచిన దాని తోబుట్టువు కళ్ళ ముందు మెదిలింది. గొంతు సవరించుకున్నాను.

"అదిగో ఆ ఎర్రది ఉందే, అది పొడిచిందని కోపం పెట్టుకోకు. మూడు వారాలు నిన్ను కడుపు కింద పెట్టుకుంది అదే. మీ అమ్మా అదీ ఒకే గూట్లో పెరిగాయి. వరసకి నీకు పెద్దమ్మ అవుతుంది..."

పిల్ల కళ్ళు వాల్చింది. లోపల మిషను ఆగింది.

"పెద్దమ్మ ఎలా అవుతుంది?" అని నా భార్య గొంతు. "ఎర్రది దానికన్నా ఏడాది చిన్నది. పిన్ని అవుతుంది. వరసలు కూడా తెలియవు మనిషికి. సరిగ్గా చెప్పు."

"పిన్ని" అన్నాను పిల్లతో.